పిల్లల పాయసానికి లెక్క ఎందుకు?



వి.బి.ఎస్. దగ్గర పడుతోంది. పాటలు, యాక్షన్లు, కంఠత వాక్యాలు అన్నీ మన సండే స్కూల్ టీచర్లు ఇప్పటికే సిద్ధం చేస్తున్నారు. ముగింపు రోజు పిల్లలకు పెట్టే పాయసం సంగతి మాత్రం ఏ కమిటీలోనైనా ఆఖరున వస్తుంది, రెండు నిమిషాల్లో అయిపోతుంది. "నాలుగు ప్యాకెట్ల సేమ్యా వేద్దాం, మిగతాది దేవుడే చూసుకుంటాడు" అని ఎవరో ఒకరు అంటారు. అందరూ ఆమెన్ అని లేస్తారు. ఆ మాట భక్తిగానే ఉంటుంది గాని, దాని మీద మాకు అభ్యంతరం ఉంది.

దేవుడు చూసుకుంటాడు, నిజమే. అయితే ఆయన చూసుకున్న చోట్ల లెక్క కూడా కనబడుతుంది. అరణ్యంలో మన్నా కురిపించినప్పుడు తలకు ఒక ఓమెరు అని కొలత చెప్పాడు. అయిదు వేలమందికి రొట్టెలు పంచకముందు యేసు ప్రభువు శిష్యులను మీ దగ్గర ఎన్ని ఉన్నాయో వెళ్లి చూసి రమ్మన్నాడు. జనాన్ని నూరేసి మందిగా, యాభయ్యేసి మందిగా వరుసల్లో కూర్చోబెట్టించాడు. మార్కు సువార్త 6వ అధ్యాయం ఈసారి వంటమనిషి కళ్లతో చదివి చూడండి. సరుకు ఎంత ఉంది, ఎవరు ఎక్కడ కూర్చోవాలి అన్నది తేలాకే వడ్డన మొదలైంది.

ఫిలిప్పును మనం ప్రసంగాల్లో విశ్వాసం చాలనివాడిగా చూపిస్తాం. పాపం, ఆయన చేసిందల్లా ఒక్కొక్కరికి కొంచెం కొంచెం ఇవ్వాలన్నా రెండు వందల దేనారాల రొట్టెలు చాలవని లెక్క చెప్పడమే. దేనారమంటే ఒక రోజు కూలి. రెండు వందల రోజుల కూలి డబ్బును తలల మీద పంచి చూడాలని ఆయనకైనా తోచింది. ఆ లెక్క వేసినందుకు ప్రభువు ఆయనను గద్దించినట్టు యోహాను ఎక్కడా రాయలేదు.

బడిలో మధ్యాహ్న భోజనానికి అయిదో తరగతి వరకు ఒక్కో పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు అని నియమం ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 150, 30. ఆ కొలతలు పెట్టినవారిని విశ్వాసం లేదని మనం అనము. మన పిల్లలు అక్కడ కొలతతోనే అన్నం తింటున్నారు, మందిరంలో మాత్రం కొలత మాట ఎత్తితే పిసినారితనం అంటారు.

ఇక అసలు సంగతి. మత్తయి 14వ అధ్యాయంలో తిన్నవారు ఇంచుమించు అయిదు వేలమంది పురుషులు, స్త్రీలూ పిల్లలూ కాక, అని ఉంది. పిల్లలు ఎంతమందో ఎవరూ రాసుకోలేదు. విచిత్రమేమిటంటే ఆ అయిదు యవల రొట్టెలు, రెండు చేపలు ఉన్నది ఒక చిన్నవాడి దగ్గరే. మన దగ్గర కూడా లెక్కకు అందని పిల్లలున్నారు. రిజిస్టరులో 80 పేర్లు ఉంటాయి. ఆఖరి రోజు ర్యాలీ డప్పు, తాళాలతో ఊరు చుట్టి వచ్చేసరికి వెనక 120 మంది ఉంటారు. మేము ఏటా చూస్తున్నదే. పక్క పేట పిల్లలు వస్తారు, సెలవులకు అమ్మమ్మ ఊరికి వచ్చినవారు వస్తారు, మేకలను చెట్టుకు కట్టేసి వచ్చేవారు ఉంటారు. ఒడిశా నుంచి వచ్చి ఇటుక బట్టీల్లో పని చేసే కుటుంబాల పిల్లలూ వస్తారు. వాళ్లకు మన పాటల మాటలు తెలియవు, చప్పట్లు మాత్రం అందరికన్నా గట్టిగా కొడతారు.

వీళ్లు వరుసలో ఎక్కడ నిలబడతారో మీకు తెలుసు. ఆఖరున. గిన్నె అడుగు కనబడేది కూడా అక్కడే. ముందు నిలబడ్డ మన పిల్లలు రెండోసారి పోయించుకుని మూతులు తుడుచుకుంటుంటే, ఆ పిల్ల ఖాళీ కప్పు పట్టుకుని గరిటె గీకిన చప్పుడు వింటుంది. పది రోజులు దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడని చెప్పాము. పదకొండో రోజున ఆ చప్పుడు మరొకటి చెబుతుంది. ఆరేళ్ల పిల్ల మన కమిటీ సంగతులు ఎరగదు. నాకు లేదు అన్నది ఒక్కటే దానికి అర్థమవుతుంది.

"పేరు రాయించుకోని వాళ్లకు మనమెందుకు బాధ్యులం?" అని అడిగేవారున్నారు. సరుకులకు డబ్బు ఇచ్చేది వారే కాబట్టి ఆ ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోము. నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం పదో వచనం చూడమని మాత్రం అడుగుతాము. పండుగనాడు మధురమైనది తాగమని చెప్పిన నోటితోనే, తమకోసం ఏదీ సిద్ధం చేసుకోనివారికి భాగాలు పంపమని చెప్పారు. పేరు ఉన్నవారికి అనలేదు.

కాబట్టి ఈ ఏడు లెక్క 80కి కాదు, 120కి వేద్దాం. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు 100 మిల్లీలీటర్ల చిన్న కప్పు చాలు, అదీ ముప్పావు వంతే పోయాలి. నిండా పోస్తే సగం గౌను మీదికి, సగం నేల మీదికి. అంటే ఒక్కొక్కరికి 75 మిల్లీలీటర్లు, 120 మందికి 9 లీటర్లు. మనం వండేది 12 లీటర్లు. ఆరు లీటర్ల పాలు, నాలుగు లీటర్ల నీళ్లు, కిలో సేమ్యా, కిలోన్నర పంచదార వేస్తే 11 లీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. ఇంకో లీటరు పాలు వేడిగా పక్కన ఉంచాలి. సేమ్యా చల్లారేకొద్దీ పాలు పీల్చుకుని ముద్దవుతుందని మన అక్కలకు మేము చెప్పనక్కరలేదు. మిగిలే మూడు లీటర్లు ఇంకో 40 కప్పులు. అందరికీ ఒకసారి అందాకే రెండోసారి. ఈ ఒక్క నియమం తప్పితే పైన చెప్పిన లెక్కంతా వృథా.

జీడిపప్పు గుండుగా వేయవద్దు, చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడుతుంది. పలుకులుగా నలగ్గొట్టి వేయండి. మే నెల ఎండకు పాల వంటకం నిలవదు గనుక ర్యాలీ బయలుదేరాకే పొయ్యి వెలిగించాలి, దింపిన రెండు గంటల్లో గిన్నె ఖాళీ కావాలి. పాలు దొరక్కపోతే కేసరి చేద్దాం. కిలో రవ్వ, కిలోన్నర పంచదార, మూడు లీటర్ల నీళ్లు, నెయ్యితో కలిపి అయిదు కిలోలు దాటుతుంది, తలకు 40 గ్రాముల చొప్పున అందరికీ సరిపోతుంది. లడ్డూ అయితే ఇంకా సులువు, ఎన్ని ఉన్నాయో చేత్తో ఎంచుకోవచ్చు. కాని మన ఊళ్లో పిల్లలు పాయసమే అడుగుతారు.

వడ్డన గురించి ఒక మాట. ముందు అతిథులకు, తరువాత పెద్దలకు, మిగిలితే పిల్లలకు అన్న పద్ధతి ఆ రోజుకు వద్దు. దావీదు మందసాన్ని తెచ్చిన రోజున స్త్రీలకూ పురుషులకూ ఒక్కొక్కరికి ఒక రొట్టె, దానితోపాటు ఎండు ద్రాక్షపండ్ల అడ కూడా పంచాడని సమూయేలు రెండవ గ్రంథంలో ఉంది. అధికారులకు రెండు అని లేదు. కొరింథు సంఘంలో భోజనం దగ్గర కొందరు ముందే తినేసి కొందరు ఆకలితో ఉంటే, పౌలు ఆ సంఘాన్ని ఎంత కఠినంగా మందలించాడో మనకు తెలిసిందే. మేము, వచ్చే సేవకులు, కమిటీ పెద్దలు ఆ రోజు టీ తాగుతాము. పాయసం మిగిలితే చూద్దాం.

వరుస చిన్నవారితో మొదలుపెట్టి, పేరు లేని పిల్లలను మన పిల్లల మధ్యలో నిలబెట్టే పని యవనస్థులు తీసుకోవాలి. పాలు, పాలలో ఏదైనా పడని పిల్లలు ఉంటే తల్లులు ముందుగా టీచర్లకు చెప్పండి, వారికి అరటిపండు ఉంచుతాము. గరిటె కొలత శనివారమే నీళ్లతో చూసుకుందాం, కప్పులో ముప్పావు వంతుకు ఎంత పడుతుందో. పాలు ఇస్తామన్న ఇళ్లవారు ఎన్ని లీటర్లో ఆ సాయంత్రంలోగా అమ్మగారికి చెప్పండి. పెద్ద గిన్నె ఎవరింట్లో ఉందో కూడా.