సముద్రం దాటని కరెంటు

సింగపూర్లో చాంగీ పాయింట్ దగ్గర పన్నెండు మంది పోగయ్యేదాకా ఆగి బయల్దేరే చిన్న పడవ ఎక్కితే పది నిమిషాల్లో పులావ్ ఉబిన్ ద్వీపం చేరతాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, చుట్టాల్ని అక్కడికి తిప్పుకొచ్చిన తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు. ఆ ద్వీపానికి సింగపూర్ గ్రిడ్ కరెంటు లేదని, జనం ఏళ్ళ తరబడి డీజిల్ జనరేటర్లతో నెట్టుకొచ్చారని తెలియగానే ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంత డబ్బున్న దేశం ఎదురుగా కనిపిస్తున్న ఊరికి ఒక కేబుల్ వెయ్యలేకపోయిందా?"

వెయ్యలేక కాదు, వేస్తే గిట్టుబాటు కాదని వెయ్యలేదు. అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం.

ఓ చిన్న లెక్క చూడండి. అర కిలోమీటరు దూరంలో ఉన్న ఒక ఇంటికి పది కిలోవాట్లు పంపాలనుకుందాం. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద సుమారు 43 ఆంపియర్లు. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే, పోనూ రానూ ఒక కిలోమీటరు తీగకి రెసిస్టెన్సు దాదాపు 1.15 ఓములు. అంటే 50 వోల్టులు దారిలోనే హరీ! అవతలి చివర మిగిలేది 180. తీగని వేడి చెయ్యడానికే రెండు కిలోవాట్లు. అదే మందం తీగల మీద 400 వోల్టుల త్రీ ఫేజ్ పంపితే ఫేజుకి 14, 15 ఆంపియర్లు. పోయేది ఎనిమిది వోల్టులే. 11,000 వోల్టులైతే నష్టం లెక్కలోకే రాదు. కానీ అప్పుడు రెండు చివర్లా ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్‌గేరు, వాటి బాగోగులు చూసే మనిషి కావాలి. ఆపైన సముద్రం అడుగున కేబుల్. ఇదంతా కొద్దిపాటి ఇళ్ళ కోసం, జెట్టీ దగ్గర ఉన్న కొన్ని కొట్లు, హోటళ్ళ కోసం.

అందుకే అక్కడి ఎనర్జీ మార్కెట్ అథారిటీ 2013లో జెట్టీ పరిసరాలకి ఒక మైక్రోగ్రిడ్ పెట్టించింది: సోలార్ పలకలు, తోడుగా బయోడీజిల్ జనరేటర్లు. మన భాషలో చెప్పాలంటే, దూరపు సర్వర్‌కి లైను లాగడం మానేసి యూజర్ పక్కనే సర్వర్ పెట్టారు. జెట్టీకి దూరంగా చెట్ల మధ్య ఉన్న ఇళ్ళకి మొదట్లో ఇది అందలేదు. వాళ్ళు తోటి పౌరులకన్నా ఎక్కువ ఖర్చు పెట్టి దీపం వెలిగించుకోవడం న్యాయమా అంటే, దానికి ఓమ్ సూత్రంలో జవాబు లేదు.

మరి ఇదే సింగపూర్, ఆస్ట్రేలియాలోని డార్విన్ వైపు నుంచి సుమారు 4,300 కిలోమీటర్ల సముద్రపు కేబుల్ మీద కరెంటు తెచ్చుకునే సన్ కేబుల్ ప్రతిపాదనకి 2024లో షరతులతో కూడిన ఆమోదం ఎందుకిచ్చినట్టు? అక్కడ మాట 1.75 గిగావాట్లది. అంత లోడుంటే హైవోల్టేజి డీసీకి, దాని కన్వర్టర్లకి పెట్టే డబ్బుకి అర్థం ఉంటుంది. దూరం ఒక్కటే చూస్తే ఈ రెండు నిర్ణయాలూ ఒకదానికొకటి పొసగవు. ఆ దూరాన ఎంత లోడుంది, ఎన్ని వోల్టుల మీద మోస్తున్నాం అన్నవి కూడా చూడాలి.

ఇది చదివి "అయితే మా ఊరి పొలానికీ సోలారే" అని తీర్మానించేసే మిత్రులున్నారు. తొందరపడొద్దంటాను. మన పల్లెల్లో చాలాచోట్ల 11 కేవీ లైను దగ్గరలోనే ఉంటుంది. చిక్కల్లా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దాకా సాగదీసిన ఎల్‌టీ లైనుతోనే. లైను చివరి రైతుకి వోల్టేజి పడిపోతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ కాలిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల్లో చేపట్టిన హెచ్‌వీడీఎస్ పద్ధతి దీనికి మందే: పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి తీగలు సాగదీసే బదులు, 11 కేవీని బోర్ల దగ్గరకే తెచ్చి 15, 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం. ఉబిన్‌కి కుదరని హైవోల్టేజి మన పొలానికి చక్కగా కుదురుతుంది.

మనం మాత్రం ఇక్కడినుంచి ఏం చేస్తాం? మోటారు కాలిందని నాన్న ఫోన్ చేస్తే రీవైండింగ్‌కి డబ్బు పంపి ఊరుకుంటాం. ఈసారి పంపేముందు, పక్క బోర్లు కూడా నడుస్తున్న వేళ స్టార్టర్ దగ్గర వోల్టేజి ఎంతుందో ఊళ్ళో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించి చెప్పమనండి.