టెన్త్ ఆగిపోయిన మనవాళ్లకి ఇంకో దారి ఉంది, ఆ దారి పాడవకుండా చూసుకోవాల్సింది మనమే

పోస్టు కొంచెం పెద్దదే. మీ ఇంట్లోగానీ ఊళ్లోగానీ టెన్త్ దగ్గర ఆగిపోయినవాళ్లు ఒక్కరున్నా దయచేసి చివరిదాకా చదవండి.

మేము డిగ్రీ హాస్టల్లో ఒకే రూంలో ఉండే ఆరుగురం. ఆరుగురి ఇళ్లలోనూ కాలేజీ గేటు దాటిన మొదటివాళ్లం మేమే. సంక్రాంతి సెలవులకి ఊరెళ్లినప్పుడు సంతలో మా పాత సావాసగాడు కనిపించాడు. మాలో ముగ్గురం, వాడు ఒకే ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాం. ఎనిమిదో తరగతిలో మాకు శాతాలు, భిన్నాలు అర్థమయ్యేలా చెప్పింది సారు కాదు, వాడే. ఇప్పుడు భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని చేస్తున్నాడు. గట్టు మీద పాకలోనే మకాం.

"ఏట్రా, డిగ్రీలా మీరు? మంచిదే" అన్నాడు. టీ తాగాక గ్లాసు చేతిలో తిప్పుకుంటూ మెల్లగా అడిగాడు. "ఇప్పుడు నాను మళ్లీ టెన్త్ రాయొచ్చేటి? వయసైపోనాదా?"

మా ముగ్గురికీ జవాబు తెలీదు. డిగ్రీ చదువుతున్నాం, ఫోన్లో గంటలు గంటలు గడుపుతున్నాం, మాకు లెక్కలు నేర్పినవాడికి ఈ ఒక్క ముక్క చెప్పలేకపోయాం. సిగ్గేసింది. హాస్టల్‌కి వచ్చాక ఆరుగురం కూర్చుని తెలుసుకున్నాం. తెలుసుకున్నదీ, మాకు అనిపించిందీ ఇక్కడ రాస్తున్నాం.

ముందు వాడెలా ఆగిపోయాడో చెప్పాలి. వాడికి పోయింది ఇంగ్లీషు ఒక్కటే. పరీక్షలు అవ్వగానే హాస్టల్ మూసేశారు, అందరం కొండ మీదికి వెళ్లిపోయాం. రిజల్ట్ వచ్చిన రోజు వాళ్ల ఊళ్లో సిగ్నల్ లేదు. ఎవరో మండల కేంద్రంలో చూసి కబురు చెప్పేసరికి సప్లిమెంటరీ ఫీజు కట్టే తేదీ దాటిపోయింది. నాన్నకి ఆ తేదీ ఉంటుందనే తెలీదు. బడి నుంచి ఎవరూ రాలేదు. పది రోజుల తర్వాత మామ వెంట చెరువుల పనికి వెళ్లాడు. అంతే. వాడు చదువు వదిలెయ్యలేదు. వాడికి కబురు అందలేదు.

మన పిల్లలు ఎందుకు మానేస్తారని అడిగితే మీటింగుల్లో చెప్పే కారణం ఒకటే ఉంటుంది. తల్లిదండ్రులకు చదువు విలువ తెలీదంట. మా ఆరుగురి క్లాసుల్లో ఆగిపోయినవాళ్లను ఒక్కొక్కరినీ గుర్తు చేసుకున్నాం. ఒకమ్మాయి తల్లికి జబ్బు చేస్తే తమ్ముళ్లను చూసుకోవడానికి ఇంటి దగ్గర ఉండిపోయింది. ఒకడు కాఫీ పళ్ల కోతకి నవంబర్లో వెళ్లి, జనవరిలో తిరిగొస్తే రిజిస్టర్లో పేరు లేదు. ఒకమ్మాయికి తొమ్మిదిలోనే పెళ్లి చేసేశారు. ఒకడు ఇంట్లో కువి మాట్లాడతాడు, పాఠం తెలుగు, పుస్తకం ఇంగ్లీషు. మూడు భాషల మధ్య నలిగి, వెనక బెంచీలో నోరు మెదపకుండా మూడేళ్లు కూర్చుని వెళ్లిపోయాడు. వీళ్లలో చదువు అక్కర్లేదన్నవాళ్లు ఎవరూ లేరు.

ఇప్పుడు దారి సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడి మానేసిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని, వెనకబడిన పాఠాల కోసం ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అందులో 4వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకి. టెన్త్‌కి వచ్చేసరికి మనకి పదిహేను, పదహారు. సరిగ్గా మనవాళ్లు ఆగిపోయే చోటే చట్టం కూడా ఆగిపోతోంది.

ఆ తర్వాత మిగిలేది ఓపెన్ స్కూల్. జాతీయ స్థాయిలో ఎన్ఐఓఎస్ ఉంది, మన రెండు రాష్ట్రాలకీ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. ఎన్ఐఓఎస్‌లో టెన్త్‌కి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసు హద్దు లేదు. ఒకసారి చేరితే 5 ఏళ్ల లోపు 9 సార్లు పరీక్ష రాసుకోవచ్చు. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు, పాసైన సబ్జెక్టు అలాగే ఉంటుంది. రెగ్యులర్ టెన్త్‌లో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులు ఇక్కడికి మార్పించుకునే వీలుంది. ఎస్టీలకు ఫీజులో రాయితీ ఉంది. ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్లో చేరొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఓపెన్ టెన్త్‌లో సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు కాబట్టి చాలామంది లెక్కలు తీసేస్తారు. పాస్ అవ్వడం తేలికే అవుతుంది. కానీ తర్వాత పాలిటెక్నిక్ అన్నా, చాలా ఐటీఐ ట్రేడులు అన్నా లెక్కలు, సైన్సు అడుగుతారు. చేరే ముందే ఏం చేద్దామనుకుంటున్నామో ఆలోచించుకోవాలి. ఫారం నింపేవాళ్లు ఈ మాట చెప్పరు.

ఇక్కడి నుంచి మా అభిప్రాయం.

ఓపెన్ స్కూల్ మంచి ఏర్పాటు. కానీ కొన్నిచోట్ల దాన్ని బేరం చేసేశారు. "ఇంత కట్టండి, పాస్ గ్యారంటీ, క్లాసులకి రావక్కర్లేదు" అనే మాట మన సంతల్లో కూడా వినిపిస్తోంది. ఊళ్లో మేకను అమ్మి ఆ డబ్బు కట్టినవాళ్లు మాకు తెలుసు. అలా వచ్చిన సర్టిఫికెట్‌తో ఇంటర్లో చేరినవాడు మొదటి మూడు నెలల్లోనే వెళ్లిపోతాడు, ఎందుకంటే చేతిలో కాగితం ఉంది, పాఠం లేదు. రెండోసారి ఆగిపోయినవాడు మూడోసారి రాడు. అప్పుడు అందరూ కలిసి "వీళ్లకి చదువు రాదు" అంటారు. కష్టపడి రాసిన మన పిల్లల ఓపెన్ టెన్త్‌ని కూడా అదే చూపు చూస్తారు. అందుకే బేరం పెట్టేవాళ్లు మనవాళ్లే అయినా మనం ఒప్పుకోకూడదు.

కొందరు అన్నలు ఇంకో మాట అంటారు. "ఓపెన్ స్కూల్ అని మీరే ప్రచారం చేస్తే రెగ్యులర్ బడి తప్పించుకుంటుంది. వంద శాతం రిజల్ట్ కోసం వెనకబడిన పిల్లల్ని తొమ్మిదిలోనే ఓపెన్‌కి పంపేస్తారు." ఈ మాటలో నిజం ఉంది. మేము కూడా దీని మీద రాత్రి చాలాసేపు వాదించుకున్నాం. మా ఆరుగురికీ కుదిరిన మాట ఇది: బడిలో ఉన్న పిల్లని ఓపెన్‌కి పంపిస్తే అది బయటికి గెంటడం. బడి నుంచి బయటపడిపోయినవాడిని ఓపెన్‌లో చేర్పిస్తే అది లోపలికి పిలవడం. మొదటిదాన్ని ఎదిరించాలి, రెండోదానికి తోడుండాలి. చెరువు గట్టు మీద ఉన్న మావాడికి రెగ్యులర్ బడి తలుపు మళ్లీ తెరుచుకోదు కదా.

చేరిస్తే సరిపోదు, పక్కన ఎవరైనా ఉండాలని మన రాష్ట్రాల్లోనే రుజువైంది. ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనికి వెళ్లే పిల్లల్ని బడికి తెచ్చే పని మొదలుపెట్టింది. నేరుగా తరగతిలో కూర్చోబెట్టలేదు. బ్రిడ్జి క్యాంపుల్లో ఉంచి, నెలల తరబడి చదివించి, వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసి అప్పుడు పంపారు. ఆ పనిని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మరుసటి ఏడాది, 2004లో, ఆడపిల్లల కోసం కస్తూర్బా విద్యాలయాలు మొదలయ్యాయి. వాటిలో చదివి ఈరోజు మాతో డిగ్రీ చేస్తున్న అక్కచెల్లెళ్లు ఉన్నారు. ఉండటానికి చోటు, తిండి, రోజూ పక్కన కూర్చుని చెప్పే మనిషి. ఈ మూడూ ఉన్నచోట పిల్లలు నిలబడ్డారు. ఓపెన్ స్కూల్లో పుస్తకం ఇస్తున్నారు, మనిషిని ఇవ్వడం లేదు.

అందుకే మేము అడిగేవి మూడే.

ఒకటి. టెన్త్ రిజల్ట్ వచ్చిన రోజు నుంచి సప్లిమెంటరీ ఫీజు ఆఖరి తేదీ వరకు ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఒక మనిషి ఉండాలి. ఫెయిలైన ప్రతి పిల్ల ఇంటికీ కబురు వెళ్లాలి. ఫోన్ అందకపోతే మనిషే వెళ్లాలి. సప్లిమెంటరీ అయ్యేదాకా ఆ పిల్లల కోసం హాస్టల్ తెరిచి ఉంచాలి. అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యే పని ఇదే.

రెండు. ఏజెన్సీలో ఓపెన్ స్కూల్ క్లాసులు నిజంగా జరగాలి. సంత రోజు కాకుండా, కాఫీ కోతలు లేని నెలల్లో, ఆశ్రమ పాఠశాలల భవనాల్లోనే పెట్టొచ్చు. కువి, కోయ, సవర, ఆదివాసీ ఒరియా తెలిసినవాళ్లు చెప్పాలి. అలాంటివాళ్లు డిగ్రీ హాస్టళ్లలో మాలాగా చాలామంది ఉన్నారు.

మూడు. పిల్లలున్న ఆడపిల్లలకి కూడా ఆ క్లాసుల్లో చోటుండాలి. పెళ్లయిందని చదువు అయిపోయినట్టు కాదు.

ఇవి రాసి గ్రీవెన్స్ రోజున ఐటీడీఏ పీఓ గారికి అర్జీ ఇస్తాం. వేరే ఐటీడీఏల పరిధిలో ఉన్న మిత్రులు మీ భాష, మీ పంటల నెలలు చేర్చుకుని మీరూ ఇవ్వండి. ఒక్క హాస్టల్ అడిగితే పక్కన పెడతారు, పది హాస్టళ్లు అడిగితే చదువుతారు.

అర్జీ సంగతి ఎలా ఉన్నా, మేము మాత్రం మొదలుపెట్టేశాం. మావాడి పాత మెమో ఫోటో తెప్పించుకున్నాం. పాసైన సబ్జెక్టుల్లో ఏ రెండు మార్పించుకోవాలో వాడే లెక్క చూసుకున్నాడు. లెక్కలు వదలనన్నాడు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి, మేత వేసి వచ్చాక, మాలో ఒకరం ఫోన్లో ఇంగ్లీషు చెబుతున్నాం. మోటార్ల చప్పుడులో సగం వినపడదు. మళ్లీ చెబుతాం.

ఈ సెలవులకి మీరు ఊరెళ్లినప్పుడు ఒక్క పని చెయ్యండి. మీతో ఆరో తరగతిలో కూర్చున్నవాళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఇప్పుడు ఎవరెక్కడున్నారో ఎదురుగా రాయండి. అందులో ఒక్కరి ఇంటికి వెళ్లి, ఇంకా రాయొచ్చని చెప్పండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి. మావాడు అడగడానికి నాలుగేళ్లు పట్టింది.

జోహార్.