మంచు కమ్మితే కారుకూ కళ్లు కనపడవు!

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. మర్నాటి నుంచి పెద్దలకు ఆఫీసు, పిల్లలకు బడి. పండక్కి ఊరెళ్లిన ఓ కుటుంబం తెల్లారకముందే కారులో హైదరాబాద్ బయల్దేరిందనుకుందాం. డిక్కీలో అరిసెల డబ్బా, వెనక సీట్లో నిద్రమత్తులో పిల్లలు, ముందు సీట్లో తాతయ్య. కారు కొత్తది. ముందు వెళ్లే బండి దగ్గరైతే తనే వేగం తగ్గించుకుంటుంది. గీత దాటబోతే స్టీరింగ్‌ను తనే సర్దుతుంది. కోదాడ దాటి సూర్యాపేట దగ్గరికి వచ్చేసరికి పొగమంచు దట్టంగా కమ్మేసింది.

‘‘కాసేపు ఎక్కడైనా ఆపరా, ఏమీ కనపడటం లేదు’’ అన్నాడు తాతయ్య.

‘‘మనకు కనపడకపోయినా కారుకు కనిపిస్తుంది నాన్నా’’ అన్నాడు కొడుకు.

ఆ మాట పూర్తయిందో లేదో... ‘టింగ్’మంటూ డ్యాష్‌బోర్డు మీద పసుపు గుర్తు వెలిగింది. ముందు కెమెరాకు దారి కనపడటం లేదని దాని సారాంశం!

ఇలాంటి కార్లు కొన్నవాళ్లలో చాలామంది పొరబడేది ఇక్కడే. మనిషికి కనపడనిది యంత్రానికి కనిపిస్తుందన్న ధీమా. నిజానికి మనిషి కళ్లను ఇబ్బంది పెట్టే వానా, మంచూ, బురదా కారు కళ్లనూ అంతే ఇబ్బంది పెడతాయి. కొన్నిసార్లు ఇంకాస్త ఎక్కువగా!

నాలుగు రకాల కళ్లు

డ్రైవర్‌కు సాయపడే ఈ ఏర్పాట్లన్నిటినీ కలిపి ‘అడాస్’ అంటున్నారు. మనదేశంలో 2020లో ఎంజీ గ్లోస్టర్, 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700 లాంటి పెద్ద బండ్లతో ఇవి జనానికి పరిచయమయ్యాయి. ఆ తర్వాత మధ్యతరగతి కొనే కార్లలోకీ వచ్చేశాయి.

ఈ కార్లకు ప్రధానంగా రెండు కళ్లు. ఒకటి ముందు అద్దం వెనక, లోపలి అద్దానికి దగ్గర్లో ఉండే కెమెరా. రోడ్డు మీద తెల్లగీతల్ని, మనుషుల్ని, వేగపరిమితి బోర్డుల్ని గుర్తుపట్టేది ఇదే. రెండోది ముందు బంపర్‌లోనో, కంపెనీ గుర్తు వెనకో దాగి ఉండే రాడార్. ఇది రేడియో తరంగాల్ని పంపి, అవి తగిలి వెనక్కి రావడాన్ని బట్టి ఎదుటి వాహనం ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో వెళ్తోంది అన్నది లెక్కగడుతుంది. మూడో కన్ను బంపర్ల మీద గుండ్రటి బొత్తాల్లా కనిపించే అల్ట్రాసోనిక్ సెన్సర్లు. గబ్బిలంలాగా మనకు వినపడని శబ్దాన్ని పంపి, ప్రతిధ్వనిని వింటాయి. నాలుగైదు మీటర్లకు మించి వీటికి తెలియదు కాబట్టి పార్కింగ్‌కే ఎక్కువగా పనికొస్తాయి. నాలుగోది లైడార్. లేజర్ కాంతితో చుట్టూ కొలిచే ఈ పరికరం కొన్ని ఖరీదైన కార్లకే పరిమితం.

ఎవరికి ఏది గండం?

కెమెరాకు మన కంటికి ఉన్న కష్టాలన్నీ ఉన్నాయి. అద్దం మీద నీటి చుక్కలు పడితే బొమ్మ చెదిరిపోతుంది. తడిసిన రోడ్డు ఎదుటి బండి లైట్లకు అద్దంలా మెరిస్తే తెల్లగీత ఎక్కడుందో తెలియదు. మంచులో అయితే అంతా ఒకే తెలుపు. ఉదయం ఎండ సూటిగా కొట్టినా కష్టమే.

మరి రాడార్ సంగతి? కార్లలో ఎక్కువగా వాడే 77 గిగాహెర్ట్‌జ్ రాడార్ తరంగం పొడవు దాదాపు 4 మిల్లీమీటర్లు. పొగమంచులోని నీటి కణం సాధారణంగా మిల్లీమీటరులో వందో వంతు దరిదాపుల్లో ఉంటుంది. అంత పెద్ద తరంగానికి అంత చిన్న కణం అడ్డే కాదు. అందుకే మంచులోంచి రాడార్ దూసుకెళ్తుంది. కానీ వానచినుకు మిల్లీమీటర్లలో ఉంటుంది. జడివానలో తరంగం కొంత చెదురుతుంది, కొంత శక్తిని నీరు పీల్చేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు, రాడార్ ముందున్న ప్లాస్టిక్ మూత మీద పేరుకునే నీటిపొర, బురద. మంచు కురిసే దేశాల్లో అయితే తడిమంచు అక్కడ గడ్డకట్టి రాడార్‌ను పూర్తిగా కప్పేస్తుంది. అమెరికాలో ఉంటున్న మనవాళ్ల పిల్లలు చలికాలం పొద్దున్నే అద్దాలతో పాటు బంపర్ మీది మంచునూ తుడవాల్సింది అందుకే.

లైడార్ పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. దాని కాంతి తరంగం పొగమంచు కణం కన్నా చాలా చిన్నది. కాబట్టి కణకణానికీ తగిలి చెల్లాచెదురవుతుంది. మంచులో హైబీమ్ లైట్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ కనిపిస్తుంది కదా... లైడార్‌కూ అలాగే ఉంటుంది.

ఆగి ఉన్న లారీతోనే అసలు ముప్పు

‘మంచులో రాడార్ పనిచేస్తుందిగా, ఇంకేం భయం?’ అనుకోవచ్చు. అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. రోడ్డు పక్క బోర్డు, వంతెన, డివైడర్ రెయిలింగ్... ఇలా కదలని ప్రతి వస్తువు నుంచీ రాడార్‌కు ప్రతిధ్వని వస్తుంది. వాటన్నిటికీ బ్రేకులు పడుతూ ఉంటే ప్రయాణమే సాగదు. అందుకే చాలా కార్లలో రాడార్ కదిలే వాహనాల్ని బాగా పట్టించుకుంటుంది. ఆగి ఉన్నదాన్ని కెమెరా కూడా ‘అవును, అది వాహనమే’ అని ఒప్పుకుంటేనే నమ్ముతుంది. వేగంగా వెళ్తున్నప్పుడు ఆగి ఉన్న వాహనాన్ని గుర్తించలేకపోవచ్చని చాలా కంపెనీలు కారుతో ఇచ్చే పుస్తకంలోనే రాస్తున్నాయి.

మన హైవేల మీద మంచు వేళ ప్రాణాలు తీసేదేంటి? వెనక లైట్లు లేకుండా రోడ్డు అంచున ఆగి ఉన్న లారీ! సరిగ్గా అప్పుడే మంచు కెమెరా కళ్లు మూసేస్తుంది. కెమెరా సాక్ష్యం లేకుండా రాడార్ ధైర్యం చేయలేకపోవచ్చు. కారు మీద నమ్మకం ఎక్కువైన చోటే దాని సాయం తక్కువన్నమాట.

పరీక్షలో తేలిందిదీ

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2021లో నాలుగు కార్లతో ఓ పరీక్ష చేసింది. డిక్కీలో నీళ్ల ట్యాంకు పెట్టి, ముందు అద్దం మీద వానలా చిమ్మేలా ఏర్పాటు చేశారు. ఎదురుగా ఆగి ఉన్న కారు బొమ్మ. పొడి వాతావరణంలో వాటంతటవే బ్రేకులు వేసుకుని, ఒక్కసారి కూడా గుద్దుకోని కార్లే... కృత్రిమ వానలో గంటకు 40 కిలోమీటర్ల వేగం దగ్గర 17 శాతం సార్లు, 56 కిలోమీటర్ల దగ్గర 33 శాతం సార్లు ఆ బొమ్మను గుద్దేశాయి. గీత దాటకుండా చూసే ఏర్పాటు మరీ అన్యాయం. 69 శాతం సార్లు కారు గీత దాటేసింది.

టెస్లా సంస్థ 2021లో అమెరికాలో కొన్ని మోడళ్లకు రాడార్ తీసేసి, కెమెరాల మీదే ఆధారపడటం మొదలుపెట్టింది. ఎండ తీవ్రంగా కొట్టడం, పొగమంచు, గాల్లో దుమ్ము లాంటి పరిస్థితుల్లో జరిగిన నాలుగు ప్రమాదాల నేపథ్యంలో అక్కడి రహదారి భద్రతా సంస్థ 2024 అక్టోబరులో దాదాపు 24 లక్షల టెస్లా కార్లపై విచారణ ప్రారంభించింది. వాటిలో ఒక ప్రమాదంలో రోడ్డు మీద ఉన్న మనిషి చనిపోయారు.

బ్రేకు కారుది... పట్టు రోడ్డుది

సెన్సర్ సరిగ్గానే చూసిందనుకున్నా, ఆపాల్సింది టైర్లే. 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు పొడి రోడ్డు మీద బ్రేకు వేశాక సుమారు 36 మీటర్లలో ఆగితే, తడి రోడ్డు మీద 60 మీటర్లు దాటొచ్చు. అరిగిన టైర్లయితే ఇంకా దూరం. నీటిపొర మీద టైరు తేలిపోయిందంటే ఏ కంప్యూటరూ ఏమీ చేయలేదు. అందుకే జోరువానలో క్రూయిజ్ కంట్రోల్ ఆపేయాలి.

ఇవి మరవొద్దు

* కెమెరాను వైపర్ తుడిచే చోటే అమర్చుతారు. వానాకాలం ముందే వైపర్ రబ్బర్లు మార్పించాలి. అద్దం లోపల ఆవిరి పట్టకుండా ఏసీ వేసుకోవాలి.

* కెమెరా ఎదుట దేవుడి స్టిక్కర్లు అంటించకూడదు, దిష్టి బొమ్మలు వేలాడదీయకూడదు. ఆయుధపూజ నాడు రాడార్ ముందు పసుపు పూసినా, బంతిపూల దండ కట్టినా పూజ కాగానే తుడిచి, తీసేశాకే బయల్దేరాలి. తడి పూలు రాడార్‌కు అడ్డమే.

* ముందు అద్దం మార్పిస్తే కెమెరాను మళ్లీ సరిచేయించాల్సిందే. ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 50 మీటర్ల దూరంలో 87 సెంటీమీటర్ల తేడా వస్తుంది. బంపర్‌కు దెబ్బ తగిలి బాగుచేయించినప్పుడూ రాడార్‌ను చూపించుకోవాలి.

* మంచులో లోబీమ్, ఫాగ్ లైట్లే వాడాలి. దారి కనపడకపోతే పెట్రోల్ బంకులోనో, దాబా ఆవరణలోనో ఆపాలి. రోడ్డు అంచున ఆపితే మన కారే వెనకవాళ్లకు ఆగి ఉన్న లారీ అవుతుంది.

* కారు హెచ్చరిక చూపితే విసుక్కోవద్దు. ‘నాకు కనపడటం లేదు’ అని చెప్పే కారు మంచిదే. అరకొరగా చూస్తూ ఏమీ చెప్పనిదే ప్రమాదం.

మళ్లీ ఆ కారులోకి వెళ్దాం. పసుపు గుర్తు చూశాక కొడుకు వేగం తగ్గించి, పెట్రోల్ బంకులోకి తిప్పాడు. పిల్లలు లేచారు, ఫ్లాస్కులో టీ బయటికొచ్చింది. ‘‘మంచులో దారి తెలియకపోతే మన ఎడ్లు కూడా అడుగు వేసేవి కావురా. ఎంత అదిలించినా అంతే’’ అన్నాడు తాతయ్య. ‘‘నీ కారు కూడా అదే చెప్పింది. విన్నావు, అదే చాలు.’’

ఎనిమిదింటికి మంచు విడిపోయింది. ఆఫీసుకు గంటన్నర ఆలస్యం. అరిసెల డబ్బా మాత్రం భద్రంగా ఇల్లు చేరింది, మనుషులతో సహా!