పటిక బేరంలో బరువొక్కటే చాలదు

వానలు పడి కృష్ణా, గోదావరి నీళ్లు ఎర్రబారగానే పటికకు గిరాకీ పెరగడం మామూలే. ఆ తొందరలో తూకం, రేటు మాత్రమే చూసి బేరం ముగించడం నష్టదాయకం.

నీటిలో మట్టిని పేర్చి అడుగుకు దించేది పటికలోని అల్యూమినా. పొటాష్ పటికలో ఇది 11 శాతం లోపే; బరువులో 45 శాతం స్ఫటిక జలం. నీటి శుద్ధికి విరివిగా వాడే అల్యూమినియం సల్ఫేట్‌లోనూ తేడాలున్నవి. అణువుకు 14 నీటి పాళ్లున్న సరుకులో అల్యూమినా సుమారు 17 శాతం, 18 పాళ్లున్న దానిలో 15 శాతం. క్వింటాలు ధర ఒకటే అయినా, రెండవ రకం కొన్నవారు అల్యూమినాకు సుమారు 12 శాతం అధికంగా చెల్లించినట్టే.

ఇనుము సంగతీ గమనించాలి. బాక్సైట్ నుంచి నేరుగా తీసిన సరుకులో ఇనుము ఉంటుంది. అది చౌక, నీటి శుద్ధికి సరిపోతుంది. తెల్లకాగితానికి, అద్దకానికి మాత్రం పనికిరాదు, రంగు చెడుతుంది. భారతీయ ప్రమాణాలు అందుకే ఈ రెండింటినీ 299, 260 నంబర్ల కింద వేరు చేశాయి.

సల్ఫ్యూరిక్ యాసిడ్ ధర పెరిగితే పటిక తయారీ ఖర్చు పెరుగుతుంది. నాసిరకం చౌకగా కనిపించేది అప్పుడే. పరీక్ష ఖర్చు చిన్న వర్తకునికి భారమే కాని, లాటుకు ఒక్క నమూనా చాలు. పాలకు వెన్న శాతం చూసే బజారుకు పటికలో అల్యూమినా శాతం అడగడం కొత్త కాదు. కొటేషన్లలో ఆ అంకె వేయడం అమ్మేవారికీ, కొనేవారికీ క్షేమం.