క్షమించేది ఎవరు, వేదిక ఇచ్చేది ఎవరు?

బెంగళూరులోనో చెన్నైలోనో పుట్టి పెరిగిన మన తెలుగు క్రైస్తవ యువతలో కొందరు ఆదివారం ఆరాధనలో కీర్తనలు పాడతారు, మిగతా రోజుల్లో మెటల్‌కోర్ వింటారు. హెవీ మెటల్ గిటార్లనూ హార్డ్‌కోర్ పంక్ వేగాన్నీ కలిపి, గొంతు చించుకుని పాడే సంగీతం అది. పెద్దలకు గోలగా అనిపించవచ్చు. కానీ అమెరికాలో ఈ సంగీతంతో పేరు తెచ్చుకున్న వాటిలో క్రైస్తవ బ్యాండ్లు చాలానే ఉన్నాయి. అలాంటి ఒక బ్యాండ్, 'యాజ్ ఐ లే డైయింగ్', నడిచిన దారి మన సంఘాలను కూడా ఒక ప్రశ్న అడుగుతోందని మేము భావిస్తున్నాం.

గాయకుడు టిమ్ లాంబీసిస్ 2000లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో ఈ బ్యాండ్‌ను మొదలుపెట్టాడు. 2007లో వచ్చిన 'యాన్ ఓషన్ బిట్వీన్ అజ్' ఆల్బం బిల్‌బోర్డ్ 200 పట్టికలో 8వ స్థానానికి చేరింది. అందులోని 'నథింగ్ లెఫ్ట్' పాట గ్రామీకి నామినేట్ అయింది. విశ్వాసుల ఇళ్లలో పిల్లలు దాచుకోకుండా వినగలిగిన మెటల్ ఇది. 'క్రైస్తవ' అన్న మాటే దానికి పూచీకత్తు.

2013 మే నెలలో లాంబీసిస్ అరెస్టయ్యాడు. తననుంచి విడిగా ఉంటున్న భార్యను చంపించడానికి మనిషిని కుదుర్చుకోబోయాడు. జిమ్‌లో పరిచయమైన ఒకరి దగ్గర ఆ మాట ఎత్తితే, ఆ వ్యక్తి పోలీసులకు చెప్పాడు. తర్వాత లాంబీసిస్ కిరాయి హంతకుడనుకుని కలిసింది మారువేషంలో ఉన్న పోలీసునే. వెయ్యి డాలర్లు, ఆమె ఫొటోలు, గేటు కోడ్, పిల్లలు తన దగ్గర ఉండే తేదీలు ఒక కవరులో పెట్టి అతని చేతికిచ్చాడు. 2014 ఫిబ్రవరిలో నేరం ఒప్పుకున్నాడు. మే నెలలో ఆరేళ్ల శిక్ష పడింది. తాను విశ్వాసం ఎప్పుడో వదిలేశానని, బ్యాండ్ మాత్రం క్రైస్తవ బ్యాండ్‌గానే చలామణి అయిందని ఆ ఏడాదే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.

2016 డిసెంబర్‌లో పెరోల్ మీద విడుదలయ్యాడు. ఏడాది తర్వాత బహిరంగంగా క్షమాపణ కోరాడు. అతను జైల్లో ఉండగా 'వోవెన్‌వార్' పేరుతో వేరే బ్యాండ్ నడిపిన నలుగురు సహచరులూ 2018లో అతనితో మళ్లీ కలిశారు. సొంత ఊళ్లో కచేరీ జరిగింది. 2019లో 'షేప్డ్ బై ఫైర్' ఆల్బం వచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కరే తప్పుకున్నారు. 2024 ముగిసేసరికి బ్యాండ్‌లో అతనొక్కడే మిగిలాడు. ఆ నవంబర్‌లో కూడా కొత్త ఆల్బం విడుదలైంది.

శిక్ష అనుభవించి వచ్చినవాడికి బతికే హక్కుంది, పనిచేసుకునే హక్కుంది. మారుమనస్సును నమ్మేవాళ్లం మనం. జైలు నుంచి వచ్చినవాడి మొహం మీద తలుపు వేసే సంఘం సంఘమే కాదు. ఇందులో మాకు రెండో మాట లేదు. మా అభ్యంతరం వేరే చోట ఉంది. టికెట్టు కొని వచ్చిన అభిమానులు చప్పట్లు కొడితే అది క్షమాపణ అయిపోతుందా? వాళ్లకు అతను చేసిన కీడు ఏమిటి? చావు తప్పించుకున్నది వాళ్లు కాదు. ఆమె క్షమించాలా వద్దా, ఎప్పుడు, ఏ షరతు మీద అన్నది ఆమె సొంత విషయం. ఆమె తరఫున సంతకం పెట్టే అధికారం అభిమానులకూ లేదు, సంగీత కంపెనీకీ లేదు.

పేతురును గుర్తు చేసుకుందాం. అతను తిరిగి నిలబడింది జనం మెచ్చుకున్నందువల్ల కాదు. ఎవరిని ఎరగనని బొంకాడో ఆ ప్రభువే సముద్రతీరాన మూడుసార్లు ప్రశ్న అడిగి, పని అప్పగించాడు. జక్కయ్య ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నాడో వాళ్లకే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. హింసకుడైన పౌలు యెరూషలేముకు వస్తే శిష్యులు భయపడ్డారు. వాళ్ల భయాన్ని లేఖనం తప్పుపట్టలేదు. ముగ్గురి విషయంలోనూ నష్టపోయినవాళ్లు కథలోనే ఉన్నారు, పక్కకు నెట్టబడలేదు.

మన దగ్గర జరుగుతున్నదేమిటి? ఉజ్జీవ కూటాల్లో, యూత్ రిట్రీట్లలో సాక్ష్యం చెప్పించడం మనకు అలవాటు. తాగి భార్యను కొట్టేవాణ్ణి, ప్రభువు మార్చాడు అని ఒక సోదరుడు మైకులో చెబితే హాలంతా హల్లెలూయా అంటుంది. గతం ఎంత భయంకరంగా ఉంటే సాక్ష్యం అంత గొప్పదని లెక్క. ఆ దెబ్బలు తిన్న సహోదరి స్త్రీల వరుసలో కూర్చుని వింటూ ఉంటుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. మరుసటి ఏడు అతనికి సంఘంలో బాధ్యత ఇస్తాం. మళ్లీ చెయ్యెత్తాడని ఆమె కాపరి దగ్గరకు వస్తే, ప్రార్థన చెయ్యమ్మా, సర్దుకుపో అంటాం. అంత పెద్ద సాక్ష్యం అబద్ధమైతే సంఘం పరువు పోతుందని మన భయం.

శాన్ డియాగోలో ఒక స్త్రీ ప్రాణం నిలబడటానికి కారణం జిమ్‌లో విన్న మాటను ఒక మనిషి తేలిగ్గా తీసుకోకపోవడం. మన వీధుల్లో భర్త చంపేస్తానంటే, కోపంలో అన్నాడులే అంటాం. ముందు రక్షణ, తర్వాత న్యాయం, ఆ తర్వాతే క్షమాపణ. వేదిక అన్నిటికన్నా చివర, అదీ అవసరమైతేనే. మనం ఈ వరుసను తలకిందులు చేశాం.

అందుకే సంఘ పెద్దలకు మా విన్నపం. సాక్ష్యానికి మైకు ఇచ్చేముందు, ఆ కథలో దెబ్బ తిన్నవాళ్లతో వేరుగా, భర్త లేని చోట, ఒక స్త్రీ ద్వారా మాట్లాడండి. వాళ్లు వద్దంటే ఆపండి. హింస గురించి చెప్పుకోవడానికి వచ్చిన సహోదరికి ప్రార్థనతోపాటు 2005 నాటి గృహహింస నిరోధక చట్టం గురించీ, 181 మహిళా హెల్ప్‌లైన్ గురించీ చెప్పండి. మారిన మనిషికి బల్ల దగ్గర చోటు ఎప్పుడూ ఉంటుంది. మైకు దగ్గర చోటు వేరే సంగతి. నిజంగా మారినవాడైతే ఈ తేడా అతనికే ముందు అర్థమవుతుంది.