పనిబండికి అందమేల?

యుద్ధము ముగిసిన రెండేండ్లకు, 1947వ సంవత్సరపు వేసవిలో, అమెరికాయందు షెవర్లె సంస్థవారు ‘అడ్వాన్స్ డిజైన్’ అను పేరుతో క్రొత్త పికప్ ట్రక్కును అమ్మకమునకు తెచ్చిరి. ముందు ముగ్గురు కూర్చుండదగిన గది, వెనుక సరకు వేసికొను తొట్టి. రైతునకు, వడ్రంగికి ఉద్దేశించిన ఇట్టి బండికి అందమేల యని కొందఱందురు. అందము పనికి వేఱైన వస్తువని తలచుటచేతనే ఈ ప్రశ్న పుట్టుచున్నది.

ఆ బండి ముఖమున అయిదు అడ్డపట్టీలు. ఇరువైపుల గుండ్రని బుగ్గలవంటి చక్రకవచములు, వానిలో పొదిగిన దీపములు. ఆరు సిలిండర్ల యంత్రమునకు 90 గుఱ్ఱముల బలము. గొప్ప వేగమేమియు లేదు, దానితో పనియు లేదు. గది వెనుక మూలలయందు, కోరినవారికి, వంపు అద్దములు అమర్చెడివారు. మూలకంబము చాటున ఏమున్నదో తెలియక బండిని వెనుకకు నడపినవారికి ఆ రెండు గాజుముక్కల విలువ తెలియును. తొట్టి అడుగున చెక్కపలకలు, వాని నడుమ ఉక్కుపట్టీలు. బరువైన పెట్టె పట్టీలమీద జాఱిపోవును. పలక చెడినచో దానినొక్కదానినే మార్చుకొనవచ్చును. చూపఱకు చక్కని చారలుగా తోచునదే కూలివాని నడుమునకు మేలు చేయుచున్నది! మన ఆలంకారికులు ఔచిత్యమన్నది ఇట్టిదే కదా.

1955లో అదే సంస్థవారు ‘కేమియో కారియర్’ను తెచ్చిరి. తొట్టి ప్రక్కలకు ఫైబర్‌గ్లాస్ పలకలు తొడిగి, చక్రముల ఉబ్బును దాచి, గదితో సమముగా నునుపు చేసిరి. చూచుటకు తొట్టి వెడల్పైనట్లుండెను. లోపల మాత్రము ఇఱుకు తొట్టియే. ధర హెచ్చు, కొన్నవారు తక్కువ. 1958లో దాని తయారీ నిలిచిపోయెను. అయినను దానిని వట్టి సోకని త్రోసివేయుట న్యాయము కాదు. ఆ నునుపు రూపమునే ఫోర్డువారు 1957లోను, షెవర్లెవారు 1958లోను ఉక్కుతో చేసి, చక్రముల ఉబ్బును తొట్టిలోనికి చేర్చి, లోపలి వెడల్పును నిజముగా పెంచిరి. తొడుగు శరీరమైనది అప్పుడే.

నేడు ఆ పాతబండ్లను ప్రీతితో బాగుచేయించువారు పలువురు కలరు. వారిలో కొందఱు తొట్టిపలకలకు అద్దమువలె మెఱయునట్లు వార్నీషు పూయించి, గీత పడునని దానిపై ఒక్క బస్తానైనను వేయనీయరు.