సమ్మక్క యుద్ధం, బొగ్గుబాయి చట్టం

మేడారం కథలో యుద్ధం ఇంటిల్లిపాదిదీ. కరువులో కప్పం కట్టలేదని కాకతీయ సైన్యం దండెత్తితే సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ, కొడుకు జంపన్న నేలకొరిగారు. చివరిదాకా పోరాడింది సమ్మక్క. ఆ కోయ వీరగాథలో కొడుకూ కూతురూ ఒకే వరుసలో నిలబడ్డారు.

బెల్లంపల్లి బొగ్గుబాయిల లెక్క వేరు. 1952 గనుల చట్టం, 46వ సెక్షన్, ఆడవాళ్లను భూగర్భంలోకి పనికి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం కొంత సడలించింది: సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు మాత్రమే, ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు, అదీ రాతపూర్వక అంగీకారం ఉంటేనే. తట్ట మోసే కూలి మహిళ ఊసు అందులో లేకపోయింది. రెండేళ్లకోసారి మేడారం జాతరలో సమ్మక్కకు నిలువెత్తు బంగారం (బెల్లం) తూచి మొక్కు చెల్లించే కోల్‌బెల్టుకు ఈ తేడా పెద్దగా పట్టినట్టు లేదు.

పూజకూ పనికీ మధ్య ఉన్న ఈ ఎడమే ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం. యోధురాలిని దేవతను చేయడం తేలిక, తోటి కార్మికురాలిగా చూడటమే కష్టమని మా అభిప్రాయం. ఒప్పుకోని పాఠకులు తప్పక రాయాలి. వచ్చే సంచికలో చోటిస్తాం.